ప్రోగ్రామింగు బోధన - మెదడు మోయగల బరువు

కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు ప్రోగ్రామింగు విద్యను ఏటేట వేలకొలది విద్యార్థు లారంభించుచున్నారు. వారిలో పెక్కండ్రు తొలి మాసములలోనే “ఇది నా తల కెక్కదు” అని చతికిలబడుచున్నారు. “లెక్కలు రానివాని కీ విద్య రాదు” అని గురువు తీర్పు చెప్పును. పొలము తాకట్టుపెట్టి ఫీజు కట్టిన తండ్రియు దానిని నమ్మును. ఇంతటి తీర్పును విచారింపక అంగీకరింపరాదు.

2020లో అమెరికాయందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు పైథాన్ క్రొత్తగా నేర్చుకొనువారిని పరీక్షించిరి. నేర్చుకొనుటలోని ఫలితముల తారతమ్యములో నూటికి సుమారు 17 పాళ్లు భాషలు నేర్చు శక్తికి చెందగా, లెక్కల నేర్పునకు దక్కినది 2 పాళ్లే. తర్కశక్తియు స్మృతిశక్తియు ఈ రెంటికంటె ఎక్కువ పనిచేసినవి. పరీక్షింపబడినవారు నలువదిమందికి అటునిటు మాత్రమే గనుక దీనిపై మేడలు కట్టరాదు. అయినను, లెక్కల పేరిట విద్యార్థిని వెలివేయువారు ఇక తమ ఆధారమును చూపవలసియున్నది.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. మనస్సు ఒక్కసారి పట్టియుంచగల విషయములు మిక్కిలి కొలది. 1956లో జార్జి మిల్లరు ఏడింటికి అటునిటు అనెను. 2001లో నెల్సన్ కోవన్ దానిని నాలుగింటికి తగ్గించెను. పది బస్తాల ధాన్యపు తూకమును కూడు ఒక చిన్న ప్రోగ్రామును తీసికొనుడు. మొత్తమును నిలుపు పేరు, దాని తొలి విలువ, ఎన్ని మారులు తిరుగవలెనో, ఎచ్చట ఆగవలెనో, ఏ చుక్క యెచ్చట పెట్టవలెనో - ఇవన్నియు క్రొత్తవానికి వేర్వేరు బరువులు. తెలుగులో చదివిన బాలునకు ఇంగ్లీషు మాటల బరువు అదనము. గురువున కిదంతయు ఒక్క ముద్ద. 1981లో జరిగిన ఒక పరిశోధనలో ఆరితేరినవారు సక్రమమైన ప్రోగ్రామును చూచి క్రొత్తవారికంటె చాల ఎక్కువగా జ్ఞప్తి నుంచుకొనిరి. పంక్తులను తారుమారు చేసి చూపినంతనే ఆ ఆధిక్యము పోయినది. పద్యము వచ్చినవానికి పద్యమంతయు ఒక్కటియే గదా! అక్షరములను చెదరగొట్టినచో వాడును మనవంటివాడే.

ఈ విషయములలో పెక్కు మెదడు ఛాయాచిత్రములవలన గాక, కాగితము, గడియారము పెట్టుకొని చేసిన సామాన్య పరీక్షలవలన తేలినవి. “మెదడు శాస్త్రము” అను పేరు తగిలించి పాఠములు విక్రయించువారిని చూచి మురిసిపోనక్కరలేదు.

బీజగణితమున సాధించి చూపిన లెక్కలను ముందు చదివినవారు, ఒంటరిగా పెనుగులాడినవారికంటె అట్టి లెక్కలను త్వరగాను తక్కువ తప్పులతోను చేసిరని 1985లో స్వెల్లరు, కూపరు చూపిరి. కావున తొలినాడే ఖాళీ తెర ముందు కూర్చుండబెట్టి “వ్రాయుము” అనుట అన్యాయము. పూర్తియైన ప్రోగ్రామునిచ్చి “మూడవ బస్తా తరువాత మొత్తమెంత?” అని యడుగవలెను. పిదప ఒక పంక్తిని తీసివేసి పూరింపుమనవలెను. తరువాత చెదరిన పంక్తులను వరుసగా పేర్చుమనవలెను. ఆపైననే స్వయముగా వ్రాయించుట. చేయి తిరిగిన విద్యార్థికి మాత్రము ఈ ఊతకఱ్ఱ లడ్డమగునని తరువాతి పరిశోధనలు తెలుపుచున్నవి. వానికి సొంత లెక్క నిచ్చి గురువు దూరముగా నుండవచ్చును.