స్విచ్చి జ్ఞాపకము

నేఁడు నేను చెప్పఁబోవు స్విచ్చి దీపము వెలిగించు మీట కాదు. కార్యాలయమందలి కంప్యూటర్ల తీగలన్నియు వచ్చి చేరు పెట్టె. సామాన్యముగా దానికి 24 గాని 48 గాని రంధ్రములుండును. ఒక కంప్యూటరు పంపిన వార్తను, దానిపైనున్న చిరునామా చూచి, చేరవలసిన తీగకే అందించుట దాని పని.

కొంతకాలము క్రిందట నేను పింఛను పనిమీఁద ఒక కార్యాలయమునకు పోయితిని. ముందునాఁటి సాయంకాలము పనివాఁడొకఁడు స్విచ్చికి క్రొత్త ఏర్పాటులు చేసి, అన్నియు నడుచుట చూచి వెళ్లెనఁట. రాత్రి కరెంటు పోయి వచ్చెను. తెల్లవాఱునప్పటికి ఆ ఏర్పాటులలో ఒక్కటియు లేదు. ముసలివారము మధ్యాహ్నము వఱకు అరుగుమీఁద కూర్చుండి వట్టిచేతులతో ఇల్లు చేరితిమి. మఱునాఁడు వచ్చిన ఆ పనివాఁడు నా పూర్వశిష్యుఁడే. తల వంచుకొని అతఁడు చెప్పిన కారణ మిది.

ఏర్పాటులనఁగా పెట్టె పేరు, రహస్యపదము, ఏ రంధ్రము ఏ శాఖకు చెందునను విభజన మొదలైనవి. సిస్కో సంస్థవారి స్విచ్చులలో వీనికి రెండు ప్రతులుండును. మొదటిది ర్యామ్ అను జ్ఞాపకస్థానమందలి ‘రన్నింగ్ కన్ఫిగరేషన్’, అనఁగా నడచుచున్న ఏర్పాటు. ఆజ్ఞ యిచ్చిన తక్షణమే ఇది మాఱును; పెట్టె దాని ననుసరించును. కాని యిది పలకమీఁది వ్రాత. విద్యుత్తు ఆగిన తోడనే చెరిగిపోవును. రెండవది ఎన్.వి.ర్యామ్ నందలి ‘స్టార్టప్ కన్ఫిగరేషన్’. ఇది తాటాకుమీఁద గంటపు వ్రాత. విద్యుత్తు లేకున్నను నిలుచును. పెట్టె మేల్కొనినపుడెల్ల తాటాకును చూచి పలకమీఁద తిరిగి వ్రాసికొనును.

పలకమీఁది దానిని తాటాకున కెక్కించుటకు ‘కాపీ రన్నింగ్-కన్ఫిగ్ స్టార్టప్-కన్ఫిగ్’ అను ఆజ్ఞ కలదు. ఆ యొక్క పంక్తి వ్రాయకపోవుటయే మా కష్టమునకు మూలము.

వ్రాసినదెల్ల తనంతట తానే నిలుచునట్లు ఏల చేయలేదని మీ రడుగవచ్చును. దూరమునుండి పనిచేయువాఁడు తప్పు ఆజ్ఞ యిచ్చి, తానే పెట్టెను చేరలేకపోవుట కలదు. అపుడు దాని నార్పి వెలిగించిన చాలును; తప్పు పోయి పాత ఏర్పాటు మరల వచ్చును. కావున పలక చెరుగుటయు నొక ఉపకారమే. పరీక్షించిన పిమ్మటనే తాటాకున కెక్కింపవలెను. పెట్టెయే పాడైనచో రెండు ప్రతులును పోవును గనుక, మూఁడవ ప్రతిని వేఱొక కంప్యూటరులో దాఁచుట వివేకము.

మీ ఊరి పాఠశాలకో పంచాయతీకో ఇట్టి పెట్టె వచ్చినపుడు, పనివాఁడు సంచి సర్దుకొనకముందే అడుగుఁడు: “నాయనా, సేవ్ చేసితివా?” అంతటితో విడువక, మీ యెదుటనే ఒకసారి ఆర్పి వెలిగింపుమనుఁడు.