సున్నం కింద శాసనం

2023 డిసెంబర్ 28 నుంచి 30 వరకు ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ 82వ సమావేశం కాకతీయ యూనివర్సిటీలో జరిగింది. మన హాస్టల్ గేటు దగ్గర ఆటో ఎక్కితే చేరేంత దూరం. నేను పోలేదు. సెమిస్టర్ అయిపోయిందని బ్యాగు సర్దుకుని ఊరెళ్ళిపోయా. (పేరులో కాంగ్రెస్ ఉంటే పార్టీ మీటింగ్ అనుకున్నాడు మా రూమ్మేట్. 1935లో పూణేలో మొదలైన చరిత్రకారుల సంఘం అది. వరంగల్‌కు అంతకుముందు ఒక్కసారే, 1992-93లో వచ్చింది.)

ఊళ్ళో గుడి పక్కన ఒక నిలువు రాయి ఉంది. చిన్నప్పుడు దాని మీది అక్షరాలను వేలితో తడిమేవాణ్ణి, ఒక్కటీ చదవడం రాకపోయినా. ఆ సెలవుల్లో చూస్తే గుడికి కొత్త రంగులు, రాయికి మందంగా సున్నం. "ఇప్పుడు తెల్లగ మంచిగున్నది గదరా" అంది నానమ్మ. నాకూ అప్పుడేమీ అనిపించలేదు.

తర్వాత హనుమకొండలో ఒక చిన్న చరిత్ర సెమినార్‌కు, నిజం చెప్పాలంటే భోజనం కోసమే, వెళ్ళా. అక్కడ పద్ధతి చూసి ఆశ్చర్యపోయా. పేపర్ చదవడానికి ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే. అవి అయిపోగానే వెనక నుంచి ఎవరో ఒకరు "ఆధారం ఏది?" అంటారు. మన ప్రాజెక్ట్ వైవాలో కూడా అంత సూటిగా అడగరు. వేయిస్తంభాల గుడి 1163 నాటిదని మనం సులువుగా చెప్పేస్తాం. ఆ ఏడాది శాసనంలో ఉన్న శక సంవత్సరం 1084 నుంచి వచ్చింది. మామూలుగా శక సంవత్సరానికి 78 కలపాలి. కానీ ఆ తేదీ జనవరిలో పడింది, శక సంవత్సరం చైత్రంలో మారుతుంది, కాబట్టి 79 కలపాలి. ఆ రాతికీ ఎవరైనా సున్నం కొట్టి ఉంటే ఈ లెక్కే లేదు.

టీ విరామంలో మా ఊరి రాయి పాత ఫొటో ఒక పెద్దాయనకు చూపించా. "సగం అక్షరాలు నీడలో పోయినయి బాబూ, అచ్చు తీయించినరా?" అన్నారు. అచ్చు అంటే, కడిగిన రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, పైన సిరా అద్దడం. గుంటల్లో కాగితం తెల్లగా మిగులుతుంది, అక్షరం చదవొచ్చు. ఇలాంటి పని ప్రొఫెసర్లే చేయాలని లేదు. ఆదిరాజు వీరభద్రరావు గారి లాంటి వాళ్ళు పనిచేసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లోనే తెలంగాణ శాసనాలను పుస్తకంగా తెచ్చింది. ఇప్పుడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం వాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు.

మనకు చేతనయ్యేదీ ఉంది. చీకట్లో టార్చ్‌ను రాయికి పక్కగా, బాగా వాలుగా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా నీడతో తేలతాయి. చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి కొంత వచ్చేలా ఫొటోలు తీస్తే త్రీడీ మోడల్ చేయొచ్చు. ఇనుప చువ్వతో మాత్రం గీకొద్దు. దొరికింది రాసి పంపడానికి వేదికలున్నాయి. ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ సాధారణంగా డిసెంబర్ చివర్లో జరుగుతుంది. 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ ఉంది. పేపర్ చదవాలంటే ముందు సభ్యత్వం, సారాంశం పంపాలి. గడువు నెలల ముందే ముగుస్తుంది కాబట్టి ప్రకటన రాగానే తేదీ రాసిపెట్టుకోండి. నాలాగా తర్వాత పేపర్లో చదివి నాలుక కరుచుకోకండి.

మొన్న నానమ్మకు ఫోన్ చేసి, ఈసారి గుడికి రంగులేసినప్పుడు ఆ రాయిని వదిలేయమని చెప్పమన్నా.

"ఎందుకురా, దాంట్ల ఏం రాసుంది?" అంది.

ఇంకా తెలీదన్నా. సంక్రాంతికి టార్చ్ తీసుకుని వెళ్తున్నా. ఎవరైనా వస్తారా?