రెండు చెవులకు రెండు స్వరాలు: వినే ముందు తెలుసుకోండి

దేవరకొండ వైపు నుండి ఒక పెద్దాయన తల తిప్పుతోందని మా ఓపీకి వచ్చారు. బీపీ 190/110 ఉంది. "మూడు వారాలుగా మాత్రలు ఆపిన సిస్టర్. మనవడు ఫోన్లో ధ్యానం సౌండ్ పెట్టిచ్చిండు, అది వింటే మాత్ర అక్కర లేదట గదా" అన్నారు. ఆయన ఇయర్‌ఫోన్ చూస్తే ఒక పక్క అసలు పనిచేయడం లేదు. ఇలాంటి ప్రశ్నలు మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఇది ఏమిటి?

వీటిని బైనారల్ బీట్స్ అంటారు. హార్మోనియంలో ఒకే స్వరం పలకవలసిన రెండు రీడ్లు కొంచెం తేడాగా ఉంటే శబ్దం అలలుగా ఊగుతుంది. ఆ ఊపు గాలిలో పుడుతుంది. బైనారల్ బీట్ అలా కాదు. ఎడమ చెవికి సెకనుకు 200 కంపనాల స్వరం, కుడి చెవికి 210 కంపనాల స్వరం విడివిడిగా పంపుతారు. రెండూ మెదడులో కలిసి, సెకనుకు 10 సార్లు ఊగే శబ్దంలా తోస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త హైన్రిఖ్ డోవ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గుర్తించారు.

రికార్డింగు సరైనదేనా?

- రెండు చెవులకూ ఇయర్‌ఫోన్ ఉండాలి. ఫోన్ స్పీకరులో పెడితే స్వరాలు గాలిలోనే కలిసిపోతాయి.
- ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసి చూడండి. ఊపు ఆగి, స్వరం నిలకడగా వినిపించాలి. ఇంకా ఊగుతుంటే ఆ స్వరాలు ముందే కలిపేశారన్నమాట.
- ఫోన్ సెట్టింగుల్లో 'మోనో' ఆన్‌లో ఉంటే కుడి ఎడమల తేడా పోతుంది.
- బాగా చిన్న సైజుకు కుదించిన ఫైళ్ళలో కూడా ఈ తేడా చెడిపోవచ్చు.
- సౌండ్ తక్కువగా పెట్టండి. గట్టిగా వింటే పనితనం పెరగదు, వినికిడి దెబ్బతింటుంది. పెద్దవారికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఉపయోగం ఎంత?

2005లో ఇంగ్లండులో ఆపరేషన్‌కు వచ్చిన 108 మందిపై జరిపిన పరిశీలనలో, ఇవి విన్నవారికి ఆందోళన సుమారు 26 శాతం, మామూలు సంగీతం విన్నవారికి 11 శాతం తగ్గింది. అయితే మెదడు తరంగాలు నిజంగా మారతాయా అని 2023లో 14 అధ్యయనాలను పరిశీలిస్తే, 5 మాత్రమే అవునన్నాయి. స్పృహ మారుతుందని, జబ్బులు పోతాయని చెప్పే మాటలకు రుజువు లేదు. మనసు కొంత నెమ్మదిస్తే మంచిదే, అది మందు మాత్రం కాదు.

జాగ్రత్తలు

మూర్ఛ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగనిదే వినవద్దు. చెవిలో చీము కారుతుంటే ఇయర్‌ఫోన్ పెట్టవద్దు. బండి, ట్రాక్టరు నడుపుతూ, మోటారు దగ్గర పనిచేస్తూ వినవద్దు. బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

ఆ పెద్దాయన మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు. రాత్రి పడుకునే ముందు కాసేపు వింటున్నారు కూడా. మేము వద్దనలేదు. మీ ఇంట్లో పెద్దవారికి ఫోన్లో ఇలాంటివి పెట్టి ఇచ్చేటప్పుడు, మాత్ర వేసుకున్నారా అని కూడా తప్పక అడగండి.