జ్వరం తగ్గినా మిత్తి తగ్గదు

నాలుగు రోజుల జ్వరం తర్వాత ఐదో రోజు పొద్దున్నే వచ్చి చీపురు పట్టుకుంది మా పనిమనిషి. ముక్కు కారుతోంది, దగ్గు ఆగడం లేదు. "ఇంకో రెండు రోజులు పడుకోకపోయావా?" అన్నాను. "పండుకుంటె పైసలు కోస్తరు గదమ్మా" అంది నవ్వుతూనే. నా మొహం చిన్నబోయింది. నిజమే మరి, నెలాఖరున నాగాలు లెక్కపెట్టి కోసేది నేనే!

మన ఇళ్లలో ఫ్లూ అంటే ఏముంది? ఓ పారాసిటమాల్ బిళ్ల, మిరియాల చారు, మూడు రోజుల విశ్రాంతి. వాళ్లింట్లో లెక్క వేరు. ఆమెను కూర్చోబెట్టి అడిగాను. ఆర్‌ఎంపీ డాక్టరు సూదికీ, మందులకీ 500 రూపాయలు. మేస్త్రీ కింద పనికి పోయే భర్త కూడా పడుకున్నాడు. రోజుకి 600 చొప్పున 4 రోజుల కూలి 2,400. నేను కోసేది ఇంకో 250. మందుల కంటే పోయిన కూలే ఎక్కువ. నూటికి 3 రూపాయల మిత్తికి అప్పు తెచ్చారట. జ్వరం వారంలో తగ్గింది. మిత్తి ఎన్నాళ్లుంటుందో!

మా వనపర్తిలోనే కాదు. గద్వాలలో మా ఆడపడుచు ఇంటి పక్కన నేతగాళ్లున్నారు. చీరకింత అని మజూరీ. గుంట మగ్గంలో మనిషి దిగకపోతే పైసా రాదు. కండెలు చుట్టే ఇల్లాలు పడుకున్నా మగ్గం ఆగిపోతుంది. అయినా మజూరీ లెక్కలో ఆమె పేరుండదు. నాగర్‌కర్నూలు వైపు పత్తి ఏరే ఆడవాళ్లకి కిలోల లెక్కన కూలి. పిల్లాడికి జ్వరమొచ్చినా తల్లి కూలే పోతుంది.

మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి ఎక్కువవుతుంది. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఏటా వేయించుకోవాల్సిన టీకా ఉంది గానీ, పిల్లలకు సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో అది లేదు. బయట వేయించుకోవాలంటే వెయ్యి పైమాటే. కూలి చేసుకునే ఇల్లాలు ఇంటిల్లిపాదికీ ఎలా వేయిస్తుంది?

ఒక్క సంగతి మాత్రం మన దగ్గర పనిచేసేవాళ్లకి తప్పక చెప్పాలి. ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ సూదులు దానిమీద పనిచేయవు. ఆ డబ్బు దండగ. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా సర్కారు దవాఖానకి వెళ్లాలి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కూడా.

అన్నట్టు, ఆమె పనిలోకొచ్చిన మూడో రోజు మా అత్తయ్యకి జ్వరం! అసలే షుగరు మనిషి. వారం రోజులు మాకు నిద్ర లేదు, 3,000 ఖర్చు. తప్పు ఆమెది కాదు. 250 కోసుకుంటానని భయపెట్టి జ్వరంతో పనికి రప్పించింది నేనే కదా!

ఈ నెల నుంచి మా ఇంట్లో జ్వరం నాగాకి కోత లేదు. చెబితే ఆమె నమ్మలేదు. నెలాఖరున జీతం చేతిలో పెట్టాక నమ్ముతుందిలెండి. మరి మీ ఇంట్లో?