సూది గుచ్చుకుంటే దాచవద్దు

మాది హోసూరు. మన ట్రస్టు వారి ఉపకార వేతనంతోనే నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా పూర్తి చేశాను. మన పిల్లలు చాలామంది ఈ కోర్సులోనూ, నర్సింగులోనూ చేరుతున్నారు కాబట్టి వారి కోసం నా అనుభవం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, రక్తం తీసిన సూదికి తిరిగి మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్నాను. చెబితే పని రాదంటారని, ఉద్యోగం పోతుందని భయపడి చేయి కడుక్కుని ఊరుకున్నాను. సాయంత్రం మా సీనియర్ అక్క నా ముఖం చూసి సంగతి అడిగి, డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్ళి రిపోర్టు రాయించింది. అదృష్టవశాత్తు ఆ రోగికి ఏ వ్యాధీ లేదని పరీక్షల్లో తేలింది. కానీ నేను విలువైన ఆరు గంటలు పోగొట్టుకున్నాను.

ఎందుకంటే హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు రెండు గంటల లోపల మొదలుపెడితే మంచిది. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. వాటిని 28 రోజులు వాడాలి. హెచ్.ఐ.వి. ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే వ్యాధి సోకేది వెయ్యిలో సుమారు ముగ్గురికి. హెపటైటిస్-బి అయితే, టీకా లేనివారిలో నూటికి 6 నుండి 30 మందికి సోకవచ్చు. అందుకే మూడు డోసుల టీకా తప్పనిసరిగా వేయించుకోండి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఈ టీకా వేయించడం యాజమాన్యం బాధ్యత. అడగడానికి మొహమాటపడవద్దు.

సూది గుచ్చుకుంటే చేయవలసినవి:

1. సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. వేలిని నొక్కరాదు, నోట్లో పెట్టుకోరాదు, స్పిరిట్ పూయరాదు.

2. వెంటనే పై అధికారికి చెప్పి, సమయం, శాంపిల్ నంబరు రాయించాలి.

3. డాక్టరును కలిసి అదే రోజు మీ రక్తపరీక్ష చేయించుకోవాలి. అంతకుముందు మీకు వ్యాధి లేదనడానికి అదే ఆధారం.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టవద్దు. నేరుగా సూదుల డబ్బాలో వేయండి.

నా రిపోర్టు వల్ల మరో మేలు జరిగింది. ఆ డబ్బా గదికి అవతలి మూల ఉండడం వల్లనే మేమంతా మూతలు పెడుతున్నామని తెలిసింది. మరుసటి వారం ప్రతి బల్ల దగ్గరా ఒక డబ్బా పెట్టారు. నేను దాచి ఉంటే, నా తరువాత ఇంకొకరికి గుచ్చుకునేది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఇటువంటి సంగతి ఇంట్లో చెబితే కోప్పడకండి. "రిపోర్టు రాయించావా?" అని మాత్రం అడగండి.