బరంపురం కుర్రాడు.. రైలు కార్మికుల బారిష్టరు

బరంపురం: 1916 జూన్‌ 1. డబ్లిన్‌లో చదువుకుంటున్న ఓ తెలుగు కుర్రాడి చేతికి నోటీసు అందింది. నెల రోజుల్లో ఐర్లాండు విడిచి వెళ్లిపోవాలని దాని సారాంశం. బి.ఏ. చదువు పూర్తి కాలేదు. బారిష్టరు కావడానికి ఇంకా ఇరవై రోజులుంది. వయసు చూస్తే ఇరవై రెండేళ్లయినా నిండలేదు. ఆ కుర్రాడిది మన బరంపురమే. పేరు వరాహగిరి వెంకటగిరి.

వి.వి.గిరి రాష్ట్రపతి అయిన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. 1969 నాటి ఎన్నిక, 1975లో వచ్చిన భారతరత్న బడి పుస్తకాల్లోనే ఉన్నాయి. అంతకు ముందటి నడకే ఈ ఊరి పిల్లలకు అంతగా తెలియదు.

గిరి 1894 ఆగస్టు 10న పుట్టారు. అప్పట్లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, రాజకీయాల్లో తిరిగిన మనిషి. తల్లి సుభద్రమ్మ కూడా తర్వాతి రోజుల్లో శాసనోల్లంఘనలో అరెస్టయ్యారు. కలిగిన ఇల్లు కాబట్టే కొడుకు ఓడెక్కి సీమకు వెళ్లగలిగాడు. ఆ మాట దాచాల్సిన పని లేదు. చదువయ్యాక వచ్చి తండ్రి పక్కన కోర్టులో కూర్చుంటే కథ అక్కడితో సరిపోయేది.

డబ్లిన్‌లో కరపత్రం

గిరి డబ్లిన్‌ వెళ్లిన 1913లోనే ఆ ఊళ్లో యజమానులకు, కార్మికులకు పెద్ద గొడవ నడిచింది. సంఘంలో చేరిన వాళ్లకు పని లేదు పొమ్మన్నారు యజమానులు. దాదాపు ఇరవై వేల మంది కార్మికులు నెలల తరబడి వీధిన పడ్డారు. వారి నాయకుల్లో ఒకరు జేమ్స్‌ కొనొలీ. లా చదవడానికి వెళ్లిన కుర్రాడికి క్లాసు బయట దొరికిన చదువు ఇది.

ఊరికే చూస్తూ కూర్చోలేదు కూడా. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న అగచాట్ల మీద తోటి భారతీయ విద్యార్థులతో కలిసి కరపత్రం వేశారు. అది ఇంగ్లీషు వాళ్ల నిఘా విభాగానికి చిక్కింది. అప్పట్నుంచి వీళ్ల మీద పోలీసుల కన్ను పడింది. మధ్యలో లండన్‌ వెళ్లి గాంధీజీని కలిశారు. యుద్ధంలో రెడ్‌క్రాస్‌ వలంటీరుగా పనిచేయమని గాంధీజీ అడిగితే సరేనన్నారు. తర్వాత మనసొప్పలేదు. ఆ సంగతి చెప్పుకుంటే గాంధీజీ కోపగించకుండా వదిలిపెట్టారట.

1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. మే 12న కొనొలీని కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. తిరుగుబాటుదారులతో సంబంధం ఉందన్న అనుమానంతో భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. ఆ తర్వాత వచ్చిందే జూన్‌ 1 నోటీసు. జూన్‌ 21న బారిష్టరుగా నమోదై గిరి ఇంటిదారి పట్టారు. బి.ఏ. మాత్రం అలాగే ఉండిపోయింది.

ఊరి మీదుగా వెళ్లే రైలే

వచ్చీ రాగానే మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. అదే ఏడాది లక్నో కాంగ్రెసుకు వెళ్లారు, అనిబిసెంట్‌ హోంరూలు ఉద్యమంలో చేరారు. ప్రాక్టీసు బాగా సాగుతున్న రోజుల్లో, 1920లో, సహాయ నిరాకరణ కోసం దాన్ని వదిలేశారు. 1922లో సారా దుకాణాలకు ఎదురు నిలిచి మొదటిసారి అరెస్టయ్యారు.

అసలు మలుపు రైల్వే దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో బరంపురం మీదుగా నడిచేవి బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే బళ్లు. ఆ కంపెనీ కార్మికులకు గిరి సంఘం పెట్టారు. అఖిల భారత రైల్వేమెన్‌ ఫెడరేషన్‌ వ్యవస్థాపకుల్లోనూ ఆయన ఒకరు. 1928లో కంపెనీ మనుషుల్ని పనిలోంచి తీసేస్తే సమ్మె నడిపించారు. చెయ్యి చేసుకోకుండా, రాయి విసరకుండా సాగిన సమ్మె అది. చివరికి కంపెనీ, ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. అప్పటికి గిరి వయసు ముప్పై నాలుగు. డబ్లిన్‌ వీధుల్లో చూసినదాన్ని ఇక్కడ తన పద్ధతిలో చేసి చూపించారు.

సంఘం పనిలోంచే పదవులు వచ్చాయి. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను, అప్పటిదాకా మద్రాసు ప్రధానిగా చేసిన వాణ్ణి, గిరి ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖ ఆయనకు దక్కింది. ఇందులో ఓ విచిత్రం ఉంది. అంతకు ఏడాది ముందే, 1936 ఏప్రిల్‌ 1న, ఒడిశా వేరే రాష్ట్రమై బరంపురం అటు వెళ్లిపోయింది. పుట్టిన ఊరు గీతకు ఒకవైపు, ఓట్లేసిన ఊళ్లు ఇంకోవైపు అయ్యాయి. తొలి లోక్‌సభకూ ఆయన గెలిచింది గీతకు అటువైపునున్న పాతపట్నం నుంచే.

అక్కణ్ణుంచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్‌ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చింది. అది గిరికి మింగుడు పడలేదు. 1954లో రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశారు. అప్పటికి ఆయనకు అరవై.