చీకటి నడవకు ఏ రంగు?

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ చుర్రుమంటూ ఉంటుంది. అయినా చాలా ఇళ్లలో వీధి గుమ్మం దాటి లోపలికి అడుగు పెడితే కళ్లకు ఏమీ కనిపించదు. ఆ నడవ అంత చీకటి. రెండు పక్కలా గదులు. కిటికీ పెట్టడానికి చోటు లేదు. వెలుతురు రావాలంటే గుమ్మంలోంచే రావాలి.

ఈ చీకటి ఎవరికి కష్టం? ఆ నడవలో ఎక్కువసార్లు తిరిగేది ఆడవాళ్లే. నీళ్ల బిందె చంకన పెట్టుకొని పోవాలి. వేడి అన్నం గిన్నె పట్టుకొని రావాలి. ముసలి అత్తకు గడప ఆనదు. తట్టుకొని పడితే తుంటి ఎముక విరుగుతుంది. మూలన తేలు ఉన్నా తెలియదు. బడికి పోయే పిల్ల చదువుకోవాలంటే పుస్తకం పట్టుకొని వీధి అరుగు మీదికి పోవాలి.

"కిటికీ పెట్టిస్తే గానీ ఈ చీకటి పోదు" అంటారు కొందరు. కిటికీ పెట్టాలంటే గోడ పగలగొట్టాలి. మేస్త్రీ కూలి, చెక్క, ఊచలు అన్నీ కావాలి. అంతకంటే ముందు తక్కువ ఖర్చుతో చేయగల పని ఒకటి ఉంది. అది గోడల రంగు మార్చడం. అయితే ఏ రంగు వేయాలో తెలిసి వేయాలి.

గోడ వెలుగును తిరిగి ఇస్తుంది

గోడ దీపం కాదు. తనంతట తాను వెలగదు. తన మీద పడిన వెలుగులో కొంత మింగేస్తుంది. మిగిలినది తిరిగి ఇస్తుంది. ఎంత మింగుతుంది, ఎంత తిరిగి ఇస్తుంది అనేది గోడ రంగును బట్టి ఉంటుంది.

పొదుపు సంఘం సంగతి అందరికీ తెలుసు. అప్పు తీసుకున్న మనిషి తిరిగి కడితేనే ఆ డబ్బు ఇంకొకరికి అందుతుంది. ఎగ్గొడితే డబ్బు అక్కడే ఆగిపోతుంది. వెలుగు కూడా అంతే. ఒక గోడ తిరిగి ఇస్తేనే ఎదుటి గోడకు అందుతుంది.

గోడ మీద 100 పాళ్ల వెలుగు పడింది అనుకుందాం. ఏ గోడ ఎంత తిరిగి ఇస్తుందో చూడండి. ఇవి ఉజ్జాయింపు లెక్కలు.

కొత్తగా వేసిన తెల్ల సున్నం – సుమారు 80 పాళ్లు
లేత మీగడ రంగు – సుమారు 70 పాళ్లు
ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం – 10, 15 పాళ్లు
బాగా పొగచూరిన గోడ – 10 పాళ్లు కూడా ఉండదు

ఇరుకు నడవలో రెండు గోడలు ఎదురెదురుగా ఉంటాయి. గుమ్మంలోంచి వచ్చిన వెలుగు ఈ గోడకు తగిలి ఆ గోడకు పోతుంది. మళ్లీ ఇటు వస్తుంది. అట్లా తగులుతూ తగులుతూ లోపలి దాకా పోవాలి.

గోడలు తెల్లవి అయితే మొదటి గోడ 100లో 80 తిరిగి ఇస్తుంది. రెండో గోడ ఆ 80లో 64 తిరిగి ఇస్తుంది. గోడలు ముదురు ఆకుపచ్చవి అయితే మొదటి గోడ 10 ఇస్తుంది. రెండో గోడ ఆ పదిలో 1 ఇస్తుంది. ఒక పక్క 64. ఇంకో పక్క 1. గుమ్మం అదే, ఎండ అదే. తేడా అంతా రంగులోనే ఉంది.

ఏ గోడకు ఏ రంగు?

గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద వెలుగు ముందుగా పడుతుంది. ఆ గోడ అన్నిటికంటే తెల్లగా ఉండాలి. దేవుడి పటాలు, క్యాలెండర్లు, బట్టలు వేలాడే కొక్కేలు ఆ గోడ మీద తక్కువగా ఉంటే మంచిది.

డాబా ఇల్లయితే కప్పుకు తెలుపే వేయాలి.

పక్క గోడలకు తెలుపు గానీ, లేత మీగడ రంగు గానీ, లేత పసుపు గానీ వేసుకోవచ్చు. లేత నీలం, బూడిద రంగు ఎండ బాగా పడే గదిలో బాగుంటాయి. వెలుతురు తక్కువగా ఉన్న చోట అవి మబ్బు పట్టినట్టు కనిపిస్తాయి.

"తెల్ల గోడ నాలుగు రోజుల్లో మాసిపోతుంది కదా" అని సందేహం వస్తుంది. నిజమే. పిల్లల చేతులు, బస్తాలు, బిందెలు తగిలేది గోడ అడుగు భాగానికే. అక్కడ రెండు, మూడు అడుగుల ఎత్తు వరకు ముదురు పట్టీ వేసుకోవచ్చు. తెలంగాణ ఊళ్లలో జాజు పూసేది, మిగతా చోట్ల ఎర్రమట్టి పూసేది ఇట్లాగే. ఆ పట్టీ కంటే పైన మాత్రం తెల్లగా ఉంచాలి.

గడప సంగతి వేరు. గోడా, నేలా, గడపా అంతా ఒకే రంగులో ఉంటే చూపు తగ్గినవాళ్లకు గడప ఎక్కడుందో తెలియదు. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే అలవాటు ఇక్కడ పనికి వస్తుంది. నేల నల్లగా ఉంటే గడపకూ, మెట్టు అంచుకూ పసుపు రంగు గానీ తెల్ల పట్టీ గానీ వేయాలి.

ఇంకొక సంగతి. వీధి గుమ్మం ఎదుట ప్రహరీ గోడ ఉంటే దానికి కూడా వెల్ల వేయాలి. దాని మీద పడిన ఎండ గుమ్మంలోంచి లోపలికి వస్తుంది.

ముందు ముక్క వేసి చూడాలి

అంగట్లో చిన్న అట్ట మీద చూసిన రంగు ఇరుకు నడవలో గోడ మీదికి వచ్చేసరికి ముదురుగా కనిపిస్తుంది. రెండు గోడలు ఒకదాని రంగు ఒకదాని మీద పడేసుకుంటాయి కాబట్టి అట్లా అవుతుంది. అందుకే నచ్చిన రంగు కంటే ఒక మెట్టు లేతది ఎంచుకోవాలి.

ముందుగా కొంచెం రంగు తెచ్చి నడవ లోపలి చివర రెండు అడుగుల చదరంలో వేయాలి. పూర్తిగా ఆరనివ్వాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బల్బు వెలుగులో చూడాలి. మూడు పూటలా బాగుంటేనే మిగతాది కొనాలి.

సున్నమా? డబ్బా రంగా?

సున్నం చవక. మట్టి గోడకైనా, పాత గోడకైనా పనికి వస్తుంది. చెమ్మ పట్టే గోడకు సున్నమే మేలు. గోడలోని తడి సున్నంలోంచి బయటికి పోతుంది. మెరిసే ఆయిల్ పెయింట్ వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. కొన్నాళ్లకు పెయింటు బొబ్బలు లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

సున్నానికి కూడా ఒక లోపం ఉంది. చేతికీ బట్టకూ అంటుతుంది. ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ వేయాలి. డిస్టెంపరు, ఎమల్షన్ రంగులు ఎక్కువ కాలం ఉంటాయి. ఎమల్షన్ గోడను తడిగుడ్డతో తుడవవచ్చు. కానీ ఖరీదు ఎక్కువ. పాత సున్నం మీద వీటిని వేయాలంటే ఊడే సున్నాన్ని ముందు గీకేయాలి. లేకపోతే కొత్త రంగు కూడా దానితోపాటే రాలిపోతుంది.

ఏది వేసినా ముందు మసి, బూజు దులపాలి. పొగచూరిన గోడను కడిగి ఆరనివ్వాలి. మసి మీదే రంగు వేస్తే మరకలు పైకి తేలుతాయి.

సున్నం కలిపే తీరు

సున్నపురాయిని బట్టీలో కాలిస్తే రాతి సున్నం వస్తుంది. దాన్ని నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి ఉడుకుతుంది. గోడకు పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది.

ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోయాలి. తరువాత సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. ప్లాస్టిక్ బకెట్ వాడకూడదు. ఆ వేడికి అది మెత్తబడి చీలిపోవచ్చు. రెండు రోజులు నాననివ్వాలి. తరువాత గుడ్డతో వడకట్టాలి. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు పడతాయి. పలచని మజ్జిగలా ఉండాలి. వేడినీళ్లలో కరిగించిన బంక కొంచెం కలిపితే గోడను పట్టుకుంటుంది.

నీలిమందు కిలో సున్నానికి 2, 3 గ్రాములు చాలు. అది సున్నంలోని పచ్చదనాన్ని కప్పి తెలుపును పెంచుతుంది. ఎక్కువైతే గోడ నీలంగా మారి వెలుగు తగ్గుతుంది.

తడిగా ఉన్నప్పుడు సున్నం పూత కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. "సరిగా పట్టలేదు" అని చిక్కగా పూయకూడదు. ఆరాక తెల్లబడుతుంది. పలచగా రెండు, మూడు పూతలు వేయాలి. చిక్కటి పూత పగిలి రాలుతుంది.

లేత పసుపు కావాలంటే సున్నంలో వేసే రంగుపొడి అని అడిగి తెచ్చుకోవాలి. వంటింటి పసుపు కలపకూడదు. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపే వాళ్లందరికీ తెలుసు. ఆ ఎరుపు కూడా నిలవదు. అన్ని రంగులూ సున్నానికి తట్టుకోవు.

జాగ్రత్త! సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలను డ్రమ్ము దగ్గరికి రానీయకూడదు. కప్పు వేసేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కంట్లో పడితే నలపకూడదు. నూనె, పాలు, పసరు పోయకూడదు. వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ కన్ను తెరిచి కడగాలి. కనీసం 15, 20 నిమిషాలు కడగాలి. తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

డబ్బా మీద చదవాల్సింది

పాతకాలం పెయింట్లలో, ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువగా కలిపేవారు. సీసం విషం. అది చిన్న పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. గర్భిణులకు, కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. దీని మీద మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. వాటి ప్రకారం ఇళ్లకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండకూడదు. డబ్బా మీద ఆ సంగతి రాసి ఉందో లేదో చదివి కొనాలి. పేరూ ఊరూ లేని డబ్బా చవకగా వచ్చినా వద్దు.

ఇంట్లో పాత పెయింటు ఉంటే పొడిగా గీకకూడదు. ఆ దుమ్ములో సీసం ఉండవచ్చు. తడిపి గీకాలి. గర్భిణులను, పిల్లలను దూరంగా ఉంచాలి. రాలిన పెచ్చులు తడిగుడ్డతో ఎత్తాలి. అన్నం, నీళ్లు, గిన్నెలు ముందే వేరే చోటికి మార్చాలి.

డబ్బా మీద ఇంకొక లెక్క ఉంటుంది. ఒక లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో రాసి ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే అవసరమైనంతే కొనవచ్చు.

ఒక నడవ 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉంది అనుకుందాం. ఒక చివర వీధి గుమ్మం. రెండో చివర గోడ.

ఒక పక్క గోడ: 12 × 9 = 108
రెండు పక్క గోడలు: 108 + 108 = 216
చివరి గోడ: 4 × 9 = 36
కప్పు: 12 × 4 = 48
మొత్తం: 216 + 36 + 48 = 300 చదరపు అడుగులు

రెండు పూతలకు 600 చదరపు అడుగులు. ఒక లీటరు 120 చదరపు అడుగులకు వస్తుందని డబ్బా మీద ఉంది అనుకుందాం. 600ను 120తో భాగిస్తే 5. అంటే 5 లీటర్లు చాలు. పక్క గోడల్లోని తలుపులు ఇందులో తీసేయలేదు. కాబట్టి కొంచెం మిగులుతుంది కూడా.

"పది లీటర్లు తీసుకోండమ్మా, సరిపోతుంది" అని అంగడివాడు అంటే, "మా నడవకు ఐదు చాలు బాబూ, లెక్క వేసుకొనే వచ్చాను" అని చెప్పవచ్చు.

రంగు ఎవరు ఎంచాలి?

చాలా ఇళ్లలో రంగు ఎంచేది మగవాళ్లు, వేసేది పెయింటరు. పక్క వీధిలో ఎవరో ముదురు ఆకుపచ్చ వేస్తే ఇక్కడా అదే వేస్తారు. కానీ ఆ నడవలో రోజంతా తిరిగేది ఇల్లాలు. గడప తట్టుకొనేది అత్త. చదువుకోవాల్సింది బిడ్డ. కాబట్టి వాళ్ల మాట కూడా అడగాలి. అడగకపోయినా వాళ్లే చెప్పాలి. "తెల్ల గోడ 80 పాళ్లు తిరిగి ఇస్తుంది. ఆకుపచ్చ గోడ 10 పాళ్లు ఇస్తుంది" అని లెక్క చూపించి చెబితే ఎవరైనా వింటారు.

వెల్ల వేసినా చీకటి పోకపోతే అప్పుడు వేరే దారి చూడాలి. పెంకుటిల్లు అయితే కప్పులో ఒకటి, రెండు మామూలు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించవచ్చు. రేకుల ఇల్లు అయితే ఒక రేకు బదులు వెలుతురు వచ్చే రేకు వేయించవచ్చు. ఆ వచ్చిన వెలుగును కూడా గది అంతా పంచేది తెల్ల గోడే.

చేసి చూడండి

1. నడవలో నిలబడి ఒక తెల్ల కాగితం గోడకు ఆనించండి. కాగితానికీ గోడకూ తేడా ఎంత ఉందో చూడండి.
2. మీ నడవ పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలవండి. ఎన్ని చదరపు అడుగులో లెక్క వేయండి.
3. ఇంట్లో పాత రంగు డబ్బా ఉంటే దాని మీద ఏమేమి రాసి ఉందో చదవండి.
4. సున్నం కంట్లో పడితే మొదట ఏం చేయాలి? ఇంట్లో అందరికీ చెప్పండి.